విశ్రాంతికి వెల కట్టేది ఎవరు?

1872 ఫిబ్రవరి 8 సాయంత్రం ఐదయ్యేసరికి వైస్రాయ్ లార్డ్ మేయో పోర్ట్ బ్లెయిర్ పర్యటన దాదాపు పూర్తయింది. రాస్, వైపర్, ఛాటమ్ దీవులు చూసేశాడు. ఇక ఓడెక్కి వెళ్లిపోవచ్చు. కానీ రేవుకు ఉత్తరపు గట్టున, హోప్ టౌన్ వెనక నిలబడ్డ మౌంట్ హారియట్ కొండ మీద ఆయనకు ఒక పని మిగిలింది. వెయ్యి అడుగులు దాటిన ఆ కొండ మీద గాలి చల్లన. జ్వరాలతో నీరసించే ఈ ఖైదీల సెటిల్‌మెంట్ జనానికి అక్కడ ఆరోగ్య నివాసం కడితే బాగుంటుందన్న ఆలోచన అప్పటికే ఉంది. వెలుతురు ఉండగానే ఆ చోటు కళ్లారా చూడాలనుకుని మేయో హోప్ టౌన్ జెట్టీ దగ్గర దిగి కొండెక్కాడు. పైన కాసేపు కూర్చుని పొద్దు గుంకడం చూశాడు. దిగివచ్చేసరికి చీకటి పడింది. కాగడాల వెలుగులో జెట్టీ మీద నడుస్తూ, తక్కినవాళ్లకంటే రెండడుగులు ముందుకు వెళ్లాడో లేదో, వెనక నుంచి ఒక మనిషి ఉరికి వీపు మీద పడి వంటింటి కత్తితో రెండు పోట్లు పొడిచాడు. మేయో జెట్టీ అంచు దాటి లోతులేని నీళ్లలో పడ్డాడు. ఓడకు చేరేలోపే ప్రాణం పోయింది. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయ్ ఆయన ఒక్కడే.

ఆ హత్య కథ చాలామంది రాశారు. నన్ను పట్టి ఉంచేది ఆయన కొండెక్కిన కారణం. అలిసిపోయిన మనుషులు ఎక్కడ, ఎంతకాలం, ఎవరి అనుమతితో కోలుకోవాలన్నది తేల్చడానికే ఆయన అక్కడికి వెళ్లాడు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో యాభై ఏళ్లుగా తెగని ప్రశ్నా ఇదే. గాయపడ్డ పాత్ర ఎప్పుడు పడుకోవాలి? పడుకుంటే ఏం తిరిగొస్తుంది? ఏం పోతుంది? ఈ రెండింటినీ ఒకచోట చేర్చి రాయడానికి నా దగ్గర ఒక చారిత్రక ఆధారం ఉంది. దాని దగ్గరికి వెళ్లే ముందు హోప్ టౌన్‌లో విశ్రాంతి అనేది ఎలా దొరికేదో చూడాలి.

1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో అండమాన్‌లో దిగాడు. అంతకుముందటి ఏడాది తిరుగుబాటులో పట్టుబడినవాళ్లే అందులో ఎక్కువమంది. దిగీ దిగగానే అడవి కొట్టే పని. జూన్ 16 నాటికి వాకర్ లెక్క ఇలా ఉంది: మొత్తం వచ్చిన ఖైదీలు 773. ఆసుపత్రిలో చనిపోయినవాళ్లు 64. పారిపోయి మళ్లీ దొరకనివాళ్లు 140. పారిపోబోయి ఉరికి ఎక్కినవాళ్లు 87. ఆత్మహత్య 1. మిగిలింది 481. మూడు నెలలు తిరిగిన కొద్ది రోజులకే మూడింట ఒక వంతుకు పైగా మనుషులు కరిగిపోయారు. ఈ పట్టికను చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది, ఎందుకంటే అందులో ‘కోలుకున్నవాళ్లు’ అన్న వరసే లేదు. మనుషులు వస్తారు, అయిపోతారు, మళ్లీ ఓడ వస్తుంది. కోలుకోవడానికి కాలం ఇవ్వడం కంటే కొత్త మనుషుల్ని తెప్పించడమే చవక అనుకున్న పాలన అది.

అలా ఎల్లకాలం నడవదని పాలకులకు త్వరలోనే తెలిసొచ్చింది. దశాబ్దాలు గడిచేకొద్దీ శిక్షను మెట్లుగా విడగొట్టారు. సెల్యులార్ జైలు కట్టాక (1896లో మొదలుపెట్టి 1906లో ముగించారు) ఆ మెట్లు స్థిరపడ్డాయి. వచ్చిన ఖైదీకి మొదటి ఆరు నెలలు ఒంటరి కొట్టు. తర్వాత ఏడాదిన్నర జైల్లోనే తక్కినవాళ్లతో కలిసి పని. ఆ పైన మూడేళ్లు పగలు బయట కఠిన శ్రమ, రాత్రి బారకాసులో తాళం. ఇంకో ఐదేళ్లు కూలి ఖైదీయే, కాకపోతే కాస్త తేలిక పనికి, చిన్న పెత్తనానికి అర్హత, చేతిలో పడే నాలుగు డబ్బులు. పదేళ్లు పూర్తయితే టికెట్. టికెట్ ఉన్నవాణ్ణి ‘సెల్ఫ్ సపోర్టర్’ అనేవారు. ఊళ్లో గుడిసె వేసుకోవచ్చు, పొలం దున్నుకోవచ్చు, పశువుల్ని పెట్టుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, దేశం నుంచి భార్యాబిడ్డల్ని పిలిపించుకోవచ్చు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు నడుం వాల్చాలో తానే నిర్ణయించుకునే హక్కు ఆ మనిషికి పదేళ్ల తర్వాత దక్కేది.

మేయో కాలంలో ఈ మెట్ల లెక్క ఇంత స్పష్టంగా లేదు గాని, మూల సూత్రం అప్పటికే అమల్లో ఉంది. మంచి నడవడికకు ఫలం సడలింపు. హోప్ టౌన్ అలా సడలింపు పొందినవాళ్ల చోటు. మేయోను పొడిచిన షేర్ అలీ అఫ్రీది అక్కడికి చేరింది ఆ దారినే. పెషావర్ వైపు పంజాబ్ మౌంటెడ్ పోలీసులో పనిచేసిన పఠాన్ అతను. కుటుంబ కక్షలో ఒక బంధువును చంపాడన్న నేరం మీద 1867లో ఉరిశిక్ష పడి, తర్వాత అది యావజ్జీవ ద్వీపాంతరంగా మారింది. అండమాన్‌లో అతని నడవడి మీద ఏ ఫిర్యాదూ లేదు. అందుకే తోటి ఖైదీలకు మంగలి పనిచేసుకుంటూ హోప్ టౌన్‌లో ఉండనిచ్చారు. తనకు పడిన శిక్ష అన్యాయమని, ఎవరో ఒక పెద్ద దొరను చంపి తీరాలని అతను లోపల పంతం పట్టి ఏళ్లు గడిపాడు. అధికారుల దస్త్రంలో బాగుపడ్డ మనిషి, తన మనసులో ఎదురుచూస్తున్న మనిషి. 1872 మార్చి 11న వైపర్ దీవిలో అతన్ని ఉరితీశారు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. పాలకులు ఇచ్చిన విశ్రాంతి ఖైదీ ఒంటికోసం కాదు, అతని చేత పని చేయించుకోవడం కోసం. కొలత వాళ్లది, కొలబద్ద వాళ్లది. సెల్యులార్ జైల్లో గానుగకు కట్టిన మనిషి రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలి. లెక్క పూర్తి కాకపోతే విశ్రాంతి మాట దేవుడెరుగు, శిక్ష తప్పదు. 1922–24 రంప పోరాటంలో పట్టుబడ్డ మన్యం మనుషుల్లో కొందరు, కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి, ఇలా మన తెలుగు నేల నుంచి వెళ్లినవాళ్లూ ఆ కొట్ల నేల మీద పడుకున్నారు. 1933 మేలో రాజకీయ ఖైదీలు నిరాహార దీక్షకు దిగినప్పుడు అడిగినవి ఏమిటంటే, తినదగిన తిండి, పడుకోవడానికి పక్క, కొట్లో వెలుతురు, చదువుకోవడానికి పుస్తకాలు. బలవంతంగా గొట్టాలతో పాలు పోయించినప్పుడు మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మొయిత్రా ప్రాణాలు కోల్పోయారు. ఒంట్లో మిగిలిన కాస్త శక్తినీ పణంగా పెట్టి, కోలుకునే హక్కు కోసం పోరాడారు. కోరికల్లో చాలా మటుకు నెరవేరాకే దీక్ష ఆగింది.

తిరిగి 1872కు వస్తాను. మేయో చనిపోగానే కొద్ది రోజులు జాన్ స్ట్రేచీ, ఆ తర్వాత మన మద్రాసు ప్రెసిడెన్సీ గవర్నరు లార్డ్ నేపియర్ తాత్కాలికంగా వైస్రాయ్ బాధ్యత చూశారు. మే నెలలో లార్డ్ నార్త్‌బ్రుక్ కొత్త వైస్రాయ్‌గా వచ్చాడు. ఆయన వెంట ఆంతరంగిక కార్యదర్శిగా వచ్చిన ఫిరంగిదళపు కెప్టెన్ పేరు ఎవెలిన్ బేరింగ్, నార్త్‌బ్రుక్‌కు దాయాది. దాదాపు పాతికేళ్లపాటు ఈజిప్టును శాసించిన లార్డ్ క్రోమర్‌గా చరిత్రకు ఎక్కిన మనిషి ఇతనే. అదే 1872లో బేరింగ్ పేరుతో లండన్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. ప్రష్యా సైన్యం వాడే యుద్ధక్రీడ నియమాలను ఇంగ్లీషులోకి తెచ్చిన పుస్తకం అది. ఫ్రాన్సును ప్రష్యా చిత్తు చేసి ఏడాది తిరిగిందంతే. ఆ గెలుపు రహస్యం ఈ ఆటలోనే ఉందేమోనని బ్రిటిష్ అధికారులు తహతహలాడుతున్న రోజులవి. హోప్ టౌన్ జెట్టీ మీద ఖాళీ అయిన పదవి, యుద్ధక్రీడను ఇంగ్లీషుకు చేర్చిన మనిషిని కలకత్తాకు రప్పించిందన్నమాట. నేను ముందు చెప్పిన ఆధారం ఇదే.

క్రీగ్‌స్పీల్ అని పిలిచే ఆ ఆటను 1824లో ప్రష్యా లెఫ్టినెంట్ గియోర్గ్ ఫాన్ రైస్విట్జ్ ఒక పద్ధతికి తెచ్చాడు. చదరంగంలో గళ్లు ఉంటాయి, ఇందులో నిజమైన నేలను చూపే పటం ఉంటుంది. ఒక్కో ఎత్తుకు రెండు నిమిషాల యుద్ధకాలం. ఆ రెండు నిమిషాల్లో కాల్బలం ఎంత దూరం నడుస్తుందో, గుర్రం ఎంత దూరం పోతుందో లెక్క ప్రకారమే జరగాలి. దెబ్బ ఎంత తగిలిందో పాచికలు చెబుతాయి. ఇరుపక్షాలకూ నడుమ అంపైర్ కూర్చుంటాడు. ఎవరికి ఏం కనబడుతుందో, ఏం జరిగిందో అతనే చెబుతాడు. రోల్‌ప్లేయింగ్ ఆటలకు కావాల్సిన రెండు మూలకాలు ఇక్కడే పుట్టాయని నేను నమ్ముతాను: కాలాన్ని ఖర్చు పెట్టే వస్తువుగా చూడటం, ఆ ఖర్చును తీర్చి చెప్పే ఒక మనిషి ఉండటం. 1876లో వెర్డీ డు వెర్న్వా అనే ప్రష్యా అధికారి, పట్టికలు పక్కన పెట్టి అంపైర్ అనుభవానికే తీర్పు వదిలేయొచ్చన్నాడు. 1880లో అమెరికా సైనికాధికారి చార్లెస్ టాటెన్ ‘స్ట్రాటెగోస్’ అనే పుస్తకం వేశాడు. బేరింగ్ పుస్తకం నుంచి టాటెన్ దాకా నేరుగా గీత గీయలేం గాని, ఇద్దరూ తాగింది ఒకే ప్రష్యా బావి నీళ్లు.

ఆ స్ట్రాటెగోస్ ప్రతి 1960ల్లో మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అనే యువకుడి చేతికి చిక్కింది. 1969లో అతను ‘బ్రౌన్‌స్టీన్’ అనే ఆట ఆడించాడు. సైన్యాల బదులు ఒక్కో ఆటగాడికి ఊళ్లో ఒక్కో మనిషి పాత్ర ఇచ్చాడు. అందులో ఆడిన డేవ్ ఆర్నెసన్ దాన్ని 1971లో ‘బ్లాక్‌మూర్’గా పెంచాడు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగాక్స్‌తో చేయి కలిపాడు. 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వెలువడింది. వెయ్యి ప్రతులు, ఒక పెట్టె, మూడు చిన్న పుస్తకాలు.

ఆ తొలి పుస్తకాల్లో కోలుకోవడం ఎంత కష్టమో ఇప్పటి ఆటగాళ్లకు చెబితే నమ్మరు. పాత్ర ప్రాణబలాన్ని హిట్ పాయింట్లతో కొలుస్తారు. గాయపడ్డ పాత్ర పూర్తిగా విశ్రాంతి తీసుకుంటే మొదటి రోజు ఏమీ తిరిగి రాదు. ఆ తర్వాత రోజు విడిచి రోజు ఒక్కో పాయింటు వస్తుంది. ఆరు పాయింట్లు పోగొట్టుకున్న యోధుడు రెండు వారాల దాకా మంచం దిగడు. 1979లో గైగాక్స్ రాసిన డంజన్ మాస్టర్ (ఆట నడిపే అంపైర్) గ్రంథంలో రోజుకు ఒక పాయింటు అయింది, నాలుగు వారాలు ఏకధాటిగా పడుకుంటే ఎంతటి గాయమైనా మానుతుంది. కాలం లెక్క కచ్చితంగా రాసుకోని ఆటకు అర్థమే ఉండదని అదే పుస్తకంలో ఆయన గట్టిగా చెప్పాడు.

ఆ తొలి ఆటలో నేలమాళిగలో ఒక గంట ఎలా గడిచేదో దగ్గర నుంచి చూద్దాం. పది నిమిషాలు ఒక టర్న్. గంటకు ఆరు. నలుగురు సాహసికులు ఒక కాగడా వెలిగించి దిగారు. మొదటి టర్న్‌లో గోడ తడిమారు, రెండో దాంట్లో తలుపు పగలగొట్టారు, మూడు నాలుగు టర్నుల్లో నడవాలో కొంత దూరం పోయి పటం గీసుకున్నారు, ఐదో దాంట్లో ఒక పెట్టె తెరిచారు. ఆరో టర్న్ కదలకుండా కూర్చోవాలి. అది నియమం. ఎవరైనా తరిమితే పరుగెత్తి తప్పించుకున్నాక ఆ విశ్రాంతి రెండింతలు. ఇంతలో ప్రతి టర్న్ చివరా అంపైర్ ఆరుముఖాల పాచిక వేస్తుంటాడు. ఆరు పడితే చీకట్లోంచి ఏదో వస్తుంది. కూర్చున్న ఆరో టర్న్‌కూ ఆ పాచిక పడుతుంది. కొద్ది ఏళ్ల తర్వాత వచ్చిన బేసిక్ పుస్తకాల్లో కాగడా ఆయుష్షు సరిగ్గా ఆరు టర్నులు. అంటే విశ్రాంతి ముగిసేసరికి చేతిలో వెలుగు కూడా అయిపోతుంది. తిండి, నూనె, ప్రాణం, మంత్రం, ఇవన్నీ ఒకే గడియారానికి కట్టి ఉన్నాయి. ఇంత పొందికగా అల్లిన నియమాన్ని నేను మరెక్కడా చూడలేదు.

మంత్రాల సంగతి ఇంకొకటి. జాక్ వాన్స్ 1950లో వేసిన ‘ది డైయింగ్ ఎర్త్’ కథల్లో మాంత్రికుడి బుర్రలో కొన్ని మంత్రాలే పడతాయి, ఉచ్చరించగానే మాసిపోతాయి. గైగాక్స్ ఈ ఊహను ఆటలోకి తెచ్చాడు. దాంతో మాంత్రికుడికి నిద్ర తిండికంటే ముఖ్యమైపోయింది. అక్కడే కొత్త చిక్కు వచ్చింది. మొదటి పోరాటంలోనే ఉన్న మంత్రాలన్నీ వాడేసి, వెంటనే గుడారం వేసి పడుకుంటే? పొద్దున లేచి ఇంకో పోరాటం, మళ్లీ నిద్ర. ఇరవై నాలుగు గంటల్లో పని చేసేది పావుగంట. ఆటగాళ్లు దీనికి ‘పదిహేను నిమిషాల రోజు’ అని పేరు పెట్టుకున్నారు. కత్తి పట్టినవాడికి రోజంతా ఒకే బలం, మంత్రం చదివేవాడికి ఒక్క పోరాటంలోనే మహాబలం. సమతూకం తప్పింది. విశ్రాంతి చవకైపోతే జరిగేది ఇదే.

తర్వాతి సంచికలన్నీ ఈ చిక్కుతో కుస్తీ పట్టినవే. 2000 నాటి మూడో సంచికలో ఒక్క రోజు విశ్రాంతికి పాత్ర స్థాయి ఎంతో అన్ని పాయింట్లు. 2008 నాటి నాలుగో సంచిక ధైర్యం చేసింది. ఐదు నిమిషాల చిన్న విశ్రాంతి, ఆరు గంటల పెద్ద విశ్రాంతి అని రెండుగా చీల్చింది. రోజుకు ఇన్నిసార్లే గాయం మాన్పుకోగలవని ప్రతి పాత్రకూ హద్దు పెట్టింది. పడుకోకుండా రెండు పోరాటాలు దాటితే ఒక యాక్షన్ పాయింట్ బహుమతి. పడుకున్నావా, కూడబెట్టినవి పోయి మళ్లీ ఒక్క పాయింటుతో మొదలు. ఆగడానికి శిక్ష వేసే బదులు సాగడానికి ఫలం చూపించిన నియమం అది. చాలామంది ఆ సంచికను తిట్టారు, నాకు మాత్రం అందులో ఎంతో ఆలోచన కనబడుతుంది. 2014 నాటి ఐదో సంచికలో చిన్న విశ్రాంతి గంట, పెద్ద విశ్రాంతి ఎనిమిది గంటలు అయ్యాయి. రెండు పెద్ద విశ్రాంతుల నడుమ ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థాయి పోరాటాలు వస్తాయన్న అంచనా మీద దాని లెక్కలు నిలబడ్డాయి. నిజంగా బల్ల దగ్గర ఒక సాయంత్రంలో అన్ని పోరాటాలు నడిపించే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే హైదరాబాద్ కఫేల్లో ఆడే కుర్రాళ్లకైనా, లేక్ జెనీవాలో ఆడే పెద్దలకైనా అదే ఫిర్యాదు.

మన పాత ఆటలు ఈ ప్రశ్నను ఎప్పుడో ఎదుర్కొన్నాయి. అష్టాచెమ్మాలో ఇంటూ గుర్తు వేసిన గడిలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. అక్కడే కూర్చుంటే ప్రాణభయం లేదు. కానీ వంతు వచ్చి గవ్వలు వేశాక పడ్డ లెక్కకు ఏదో ఒక కాయ కదలాల్సిందే. తక్కిన కాయలు చచ్చో పండో కదలడానికి లేకపోతే, దాక్కున్న కాయే బయటికి రావాలి. ఎదుటివాడి కాయను ఒక్కదాన్నైనా చంపనిదే లోపలి వరసలోకి అడుగు పెట్టనివ్వని ఇళ్లూ ఉన్నాయి. అరుగు మీద సుద్దతో గీసిన గళ్లలో మన పెద్దలు విశ్రాంతికి హద్దు అంత సునాయాసంగా గీశారు. ఏ నియమ పుస్తకమూ లేకుండా, పిల్లలకు కూడా అర్థమయ్యేలా.

ఈ మధ్యకాలపు ఆటలు ఆ దిశగానే వెళ్తున్నాయి. 2011లో వచ్చిన ‘ది వన్ రింగ్’లో అసలైన ఊరట దారిలో దొరకదు, ప్రయాణం ముగించి ఆదరించే చోటికి చేరాకే. 2013 నాటి ‘టార్చ్‌బేరర్’లో నాలుగు టర్నులకొకసారి ఆకలి, అలసట, కోపం లాంటివి మీద పడతాయి. గుడారం వేశాక కోలుకోవాలంటే ముందే హక్కు సంపాదించుకుని ఉండాలి, అదీ తన స్వభావంలోని ఒక లక్షణాన్ని తనకు వ్యతిరేకంగా వాడుకుని. 2017 నాటి ‘బ్లేడ్స్ ఇన్ ద డార్క్’లో ఒక దోపిడీకీ మరో దోపిడీకీ నడుమ ఉచితంగా రెండు పనులే. మనసు తేలికపరచుకోవాలంటే తన వ్యసనం దగ్గరికి వెళ్లాలి, గాయం మాన్పుకోవాలంటే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి, మూడో పని కావాలంటే డబ్బో పరపతో వదులుకోవాలి. విశ్రాంతికి వెల ఉండాలని ఇవన్నీ ఒప్పుకుంటాయి. ఆ వెలను ముందుగా తెలుసుకుని, ఇష్టపడి చెల్లించేవాళ్లు ఆటగాళ్లే. హోప్ టౌన్‌లో అలా కాదు. అక్కడ వెల కట్టింది ఒకరు, చెల్లించింది ఇంకొకరు. నియమాల పోలిక ఎంత దగ్గరగా ఉన్నా, ఈ తేడాను చూడని చరిత్ర రచన ఖైదీలకు రెండోసారి అన్యాయం చేస్తుంది.

ఇప్పుడు ఛాటమ్ నుంచి పడవెక్కితే బాంబూ ఫ్లాట్‌లో దిగి, పానీఘాట్ మీదుగా హోప్ టౌన్ చేరొచ్చు. కొండ పేరు 2021లో మౌంట్ మణిపూర్‌గా మార్చారు. 1891 యుద్ధం తర్వాత మణిపూర్ రాజు కులచంద్ర సింగ్‌నూ అతని మనుషుల్నీ ప్రవాసం ఉంచింది ఆ కొండ మీదే. మేయో ఆరోగ్య నివాసం ఊహించిన కొండ మీద చివరికి చీఫ్ కమిషనర్ వేసవి బస వెలిసింది. చల్లగాలి దక్కింది పాలకులకే.

ఆట సంగతికి వస్తే, 2014 నాటి డంజన్ మాస్టర్ గ్రంథంలో రెండు ప్రత్యామ్నాయ నియమాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో పెద్ద విశ్రాంతి ఒక్క గంట, వీరులు వెంటనే లేచి మళ్లీ కత్తి దూస్తారు. రెండోదానిలో ఒక రాత్రి నిద్ర చిన్న విశ్రాంతి కిందే లెక్క, పెద్ద విశ్రాంతికి ఏడు రోజులు కావాలి. ఆ వారంలో శత్రువు గోడలు కట్టుకుంటాడు, నెల జీతం కరుగుతుంది, ఊళ్లో మనుషుల మనసులు మారతాయి. ఏది ఎంచుకోవాలన్నది పుస్తకం డంజన్ మాస్టర్‌కు వదిలేసింది. తొలి ఆటకు ముందే బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరినీ అడిగి తేల్చుకోవడం మేలని నా అభిప్రాయం. నన్ను అడిగితే ఏడు రోజులకే చెయ్యెత్తుతాను.